నిప్పు కొండ, నీటి ధార: ఒక రోజు ప్రయాణం నేర్పిన పాఠం

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైన, ఆయన కుటుంబీకులపైన, సహచరులందరిపైన శాంతి, శుభాలు కురియుగాక!



సెలవులు వచ్చాయంటే మన ఇళ్ళలో పిల్లలు అడిగే మొదటి మాట 'ఈసారి ఎక్కడికి వెళ్దాం?' అనే. ఆదిలాబాద్ వైపు వారు కుంటాల జలపాతానికి వెళతారు. రాయలసీమ వారు తలకోనకు, కోస్తా వారు అరకు లోయకు వెళతారు. వెళ్ళటంలో తప్పేమీ లేదు. భూమిలో సంచరించి, సృష్టి ఎలా మొదలైందో చూడమని అల్లాహ్ తన గ్రంథంలో స్వయంగా పురికొల్పాడు (అల్ అన్కబూత్: 20). కాని చూడటం వేరు, చూసినదాని నుండి గుణపాఠం గ్రహించటం వేరు. పశువు కూడా కొండను చూస్తుంది, నీటిని చూస్తుంది. కొండను, నీటిని చూసి వాటిని సృష్టించినవాణ్ణి తలచుకోగలిగేది మనిషి.

మా బావమరిది ఉద్యోగరీత్యా ఇండోనేషియాలోని జావా ద్వీపంలో, సురబయ నగరంలో ఉంటున్నాడు. అతని ఆహ్వానంపై మేము భార్యాపిల్లలతో పది రోజులు అక్కడికి వెళ్ళాము. అందులో ఒక రోజు బ్రోమో అనే సజీవ అగ్నిపర్వతాన్ని, అదే జిల్లాలోని మడకరిపుర అనే జలపాతాన్ని చూసి వచ్చాము. ఆ ఒక్క రోజు మాకు ఎన్నో ఏళ్ళుగా చదువుతున్న కొన్ని ఆయతులను, హదీసులను మళ్ళీ కొత్తగా చదివించింది. అంతకంటే ముఖ్యంగా, మా ఇంట్లోనే ఉన్న ఒక లోపాన్ని మా కళ్ళ ముందు పెట్టింది. అది మా ఒక్క ఇంటి లోపం కాదనిపించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

సూర్యుడి కోసం లేచినవారు

బ్రోమోను చూడబోయేవారు ముందుగా పెనంజకాన్ అనే ఎత్తయిన కొండ మీదికి చేరుకుంటారు. అది సముద్ర మట్టానికి సుమారు 2,770 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడి నుండి సూర్యోదయం చూడటం ఆనవాయితీ. అందుకని మేము రాత్రి పదకొండు గంటలకే సురబయలో బయలుదేరాము. కొండ కింద కారు దిగి జీపు ఎక్కి, తెల్లవారుజామున మూడున్నరకు పైకి చేరాము. చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. అయినా అప్పటికే వందలాది మంది దుప్పట్లు కప్పుకుని, చంటిపిల్లలను ఎత్తుకుని, తూర్పు వైపు తిరిగి నిలబడి ఉన్నారు.

జీపులో నిద్రపోతున్న మా పెద్దబ్బాయిని లేపాము. వాడికి పన్నెండేళ్ళు. 'సూర్యోదయం చూద్దువు గాని లే' అన్నామో లేదో గబుక్కున లేచి కూర్చున్నాడు. ఫజ్ర్ వేళ కాగానే అక్కడ నమాజు కోసం ఉన్న చిన్న గదిలో, మంచులాంటి నీళ్ళతో వుజూ చేసుకుని నమాజు చేశాము. కష్టంగా ఉన్న సమయంలో సైతం వుజూను చక్కగా పూర్తి చేయటం పాపాలను తుడిచివేస్తుందని దైవప్రవక్త (సల్లం) శుభవార్త చెప్పారు (ముస్లిం). ఆ చలిలో ఆ హదీసు గుర్తు చేసుకుని మాకు మేమే సంతోషపడ్డాము.

ఆ సంతోషం ఎంతోసేపు నిలువలేదు. సలాం తిప్పి బయటకు వచ్చాక మా శ్రీమతి మెల్లగా ఒక మాట అన్నది.

"ఏమండీ, మనవాడు మూడున్నరకు లేవగలడన్న మాట! ఇంటి దగ్గర ఐదింటికి లేపబోతే, రాత్రి పదకొండు దాకా చదువుకున్నాడు, పడుకోనివ్వు పాపం అంటారు మీరు."

మా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే అది నిజం. వాడు హైస్కూల్లో చేరి, ట్యూషన్లు మొదలైనప్పటి నుండి వాడి ఫజ్ర్ నమాజు విషయంలో మేము జాలి అనే పేరుతో మెతకవైఖరి చూపుతూ వచ్చాము. శుక్రవారం మింబర్ ఎక్కి నమాజు గురించి ఇతరులకు బోధించే మా ఇంట్లోనే పరిస్థితి ఇది. సోదరులారా! సూర్యుణ్ణి చూడటానికి రాత్రంతా మేలుకుని కొండలెక్కగలిగిన మనం, ఆ సూర్యుణ్ణి ఉదయింపజేసే ప్రభువు ముందు నిలబడటానికి దుప్పటి తొలగించలేకపోతున్నామంటే, లోపం శరీరంలో ఉందా, మనసులో ఉందా? ఆలోచించండి!

ఇసుకగా మారిన కొండ

వెలుతురు రాగానే ఎదురుగా కనిపించిన దృశ్యాన్ని వర్ణించటం కష్టం. కింద విశాలమైన బూడిద రంగు మైదానం. దాని మధ్యలో పొగ కక్కుతున్న బ్రోమో. వెనుక జావాలోకెల్లా ఎత్తయిన సెమేరు పర్వతం, 3,676 మీటర్లు. మా నోట అప్రయత్నంగా 'సుబ్ హానల్లాహ్' అనే మాట వెలువడింది.

ఆ మైదానాన్ని స్థానికులు ఇసుక సముద్రం అంటారు. ఒకప్పుడు అక్కడ ఎంతో పెద్ద అగ్నిపర్వతం ఉండేదని, అది పేలి, లోపల గుల్లబారి కూలిపోగా సుమారు పది కిలోమీటర్ల వెడల్పున ఈ పల్లం మిగిలిందని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. అందులో తరువాత పుట్టుకొచ్చిన చిన్న కొండల్లో బ్రోమో ఒకటి. జావాకు దక్షిణాన సముద్రం అడుగున ఒక భూఫలకం మరొక ఫలకం కిందికి దూరిపోతూ ఉంటుంది. లోతుకు వెళ్ళిన కొద్దీ అక్కడి శిల కరిగి, పైకి తన్నుకొస్తుంది. ఇండోనేషియాలో సుమారు 130 సజీవ అగ్నిపర్వతాలు ఉండటానికి ప్రధాన కారణం ఇదే. 1883లో క్రకటోవా పేలినప్పుడు, ప్రధానంగా అది లేపిన సముద్రపు అలల వల్ల, 36 వేల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

ప్రళయదినాన భూమి, పర్వతాలు కంపించిపోతాయని, పర్వతాలు జారిపోయే ఇసుక కుప్పల్లా అయిపోతాయని అల్ ముజ్జమ్మిల్ సూరాలో అల్లాహ్ తెలియజేశాడు (73: 14). కొండ అంటే మన భాషలో స్థిరత్వానికి గుర్తు. 'కొండంత అండ' అంటాము. ఆ కొండంత అండ ఒకప్పుడు ఇసుకగా మారిన చోట మా జీపు చక్రాలు కూరుకుపోతూ సాగాయి. ఉద్యోగమే అండ, ఆస్తే అండ, పిల్లల చదువే అండ అనుకుంటూ నమాజును వెనక్కు నెట్టేవారు ఒకసారి ఆ ఇసుకను గుప్పిట పట్టి చూడాలి.

అంచున పట్టుకున్న చెయ్యి

ఇసుక దాటాక సుమారు 250 మెట్లు ఎక్కితే బ్రోమో ముఖద్వారం అంచుకు చేరుకుంటాము. ఆ రోజు పైకి వెళ్ళటానికి అనుమతి ఉంది. అక్కడ నడుము ఎత్తయినా లేని సిమెంటు కంచె. దానికి అవతల నిట్టనిలువు లోయ. లోపలి నుండి తెల్లని పొగ, గంధకం వాసన, ఏదో పెద్ద పొయ్యి మండుతున్నట్లు ఆగని హోరు. కళ్ళు మండుతుంటే ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని నిలబడ్డాము.

అంతలో మా పెద్దబ్బాయి, లోపల ఏముందో బాగా కనిపించాలని, కంచె మీదుగా ముందుకు వంగాడు. మాకు ఆ క్షణంలో ఏమీ తోచలేదు. రెండు చేతులతో వాడి నడుము పట్టుకుని ఒక్క గుంజు గుంజాము. వాడు వెల్లకిలా మా మీద పడ్డాడు. "ఏమైంది అబ్బూ? ఎందుకంత గట్టిగా లాగారు? నొప్పి పుట్టింది" అన్నాడు. వాడి దృష్టిలో ఏమీ జరగలేదు. మాకు మాత్రం చాలాసేపటి వరకు చేతులు వణుకుతూనే ఉన్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది, మదరసాలో ఎన్నోసార్లు చదివి, ఎన్నోసార్లు వినిపించిన ఆ హదీసు. దైవప్రవక్త (సల్లం) తనకూ తన సమాజానికీ ఒక ఉపమానం చెప్పారు. ఒక వ్యక్తి మంట వెలిగించాడు. పురుగులు, మిడతలు వచ్చి అందులో పడసాగాయి. అతను వాటిని అడ్డుకుంటున్నా అవి ఆగటం లేదు. తానూ అలాగే ప్రజలను నరకాగ్నిలో పడకుండా వారి నడుములు పట్టి వెనక్కు లాగుతున్నానని, వారేమో తన చేతుల్లో నుండి జారిపోయి అందులో దూకుతున్నారని ఆయన బాధపడ్డారు (బుఖారి, ముస్లిం). 

నడుము పట్టి లాగటం అంటే ఏమిటో ఆ రోజు వరకు మాకు తెలియదు. మా బిడ్డ ఒక్కడి కోసం, ఒక్క క్షణం పాటు మేము పడిన ఆ వణుకు, మన ప్రియ ప్రవక్త (సల్లం) 23 సంవత్సరాల పాటు యావత్ మానవాళి కోసం పడ్డారు. మనం ఆ చేతిని విదిలించుకుని, 'ఎందుకింత గట్టిగా పట్టుకుంటారు, ధర్మంలో ఇంత కట్టుబాటు ఎందుకు' అని అడుగుతున్నాము!

విశ్వాసులు తమను తాము, తమ ఆలుబిడ్డలను అగ్ని నుండి కాపాడుకోవాలని అత్తహ్రీమ్ సూరాలో అల్లాహ్ ఆదేశించాడు. మనుషులు, రాళ్ళు ఆ అగ్నికి ఇంధనమని కూడా హెచ్చరించాడు (66: 6). ఇంటివారిని కాపాడుకోవటమంటే వారికి ధర్మాన్ని నేర్పటం, మంచి నడవడిని అలవరచటం అని హజ్రత్ అలీ (రజి) వివరించారు. బ్రోమోలో రాళ్ళు కరిగించే వేడిని చూశాక రాళ్ళు ఇంధనం కావటమేమిటన్న సందేహం ఎవరికీ కలుగదు. మనం ఈ లోకంలో వాడే నిప్పు నరకాగ్నిలోని డెబ్భై భాగాల్లో ఒక భాగం మాత్రమేనని దైవప్రవక్త (సల్లం) తెలిపినప్పుడు సహచరులు, ఇదొక్కటే చాలునుగా అని విస్తుపోయారు (బుఖారి, ముస్లిం). 

ఇప్పుడు చెప్పండి. అగ్నిపర్వతం అంచున బిడ్డను గట్టిగా పట్టుకోవటం జాలి అవుతుందా, వదిలేయటం జాలి అవుతుందా? పిల్లలకు ఏడేళ్ళకు నమాజు అలవాటు చేయమని, పదేళ్ళకు ఆ విషయంలో గట్టిగా వ్యవహరించమని చెప్పిన ప్రవక్త (సల్లం) కారుణ్యమూర్తి కాదా (అబూదావూద్)? మేము చూపినది జాలి కాదు. అది మా సోమరితనం. జాలి అనే పేరు దానికి మేము పెట్టుకున్నాము.

హెచ్చరికను వినేవారు, విననివారు

కిందికి దిగుతున్నప్పుడు మా బావమరిది ఒక సంగతి చెప్పాడు. 2023 డిసెంబరు 3న పశ్చిమ సుమత్రాలోని మరాపి అగ్నిపర్వతం ఉన్నట్టుండి పేలింది. అప్పుడు కొండ మీద సుమారు 75 మంది ఉన్నారు. వారిలో 24 మంది చనిపోయారు. శిఖరానికి 3 కిలోమీటర్ల లోపలికి వెళ్ళవద్దని అగ్నిపర్వతాల శాఖ అంతకు ముందు నుండే సూచిస్తూ వచ్చింది. 

మరణించినవారిని నిందించటం మా ఉద్దేశ్యం కాదు. 2021 డిసెంబరు 4న మా ఎదురుగా కనిపించిన సెమేరు పేలినప్పుడు, కొండ కింది పల్లెల్లో తమ పని తాము చేసుకుంటున్న యాభై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఇలాంటి వార్త వినగానే 'వాళ్ళ పాపాల ఫలితం' అని తీర్పు చెప్పేవారు మనలో ఉన్నారు. అలా తీర్పు చెప్పే అధికారం మనకెవరిచ్చారు? నీట మునిగి, శిథిలాల కింద నలిగి చనిపోయే విశ్వాసులకు షహీద్ స్థానం ఉందని దైవప్రవక్త (సల్లం) తెలిపారు (బుఖారి, ముస్లిం). నిప్పుకు ఆహుతి అయినవారిని కూడా మరో ఉల్లేఖనంలో ఆ జాబితాలో చేర్చారు (అబూదావూద్). వారికోసం దుఆ చేయటం, బతికున్నవారిని ఆదుకోవటం మన బాధ్యత. గుణపాఠం తీసుకోవలసింది వారి గురించి కాదు, మన గురించి.

మక్కాలో దైవప్రవక్త (సల్లం) సఫా కొండ ఎక్కి తన జాతివారిని పిలిచిన సంఘటన మనకు తెలిసిందే. ఈ కొండ వెనుక నుండి సైన్యం వస్తోందని నేనంటే నమ్ముతారా అని అడిగితే, నమ్ముతామని అందరూ అన్నారు. అప్పుడు ఆయన రాబోయే కఠిన శిక్ష గురించి హెచ్చరించారు (బుఖారి). కొండ మీద నిలబడినవారికి రెండు వైపులా కనిపిస్తాయి. కింద ఉన్నవారికి ఒక వైపే కనిపిస్తుంది. బ్రోమో అంచున మేము చూసిన పొగ, విన్న హోరు, కింద ఇసుకలో గుర్రాలెక్కి నవ్వుకుంటున్నవారికి తెలియవు. అలాగే ప్రవక్తలు చూసినదాన్ని మనం చూడలేము. చూసినవారి మాట వినటంలోనే మన క్షేమం ఉంది.

బూడిదలో పండిన పంట

తిరిగి వస్తుంటే దారి పొడవునా కొండవాలుల మీద ఉల్లి, క్యాబేజీ, బంగాళాదుంప తోటలు. అగ్నిపర్వతపు బూడిద కాలక్రమంలో నాని, సారవంతమైన మట్టిగా మారుతుంది. మన రాజమహేంద్రవరం పరిసరాల్లో కూడా కోట్ల ఏళ్ళ నాడు పారిన లావా గడ్డకట్టిన రాళ్ళున్నాయి. దక్కనులో పత్తి పండే నల్లరేగడిలో ఎక్కువ భాగం అలాంటి రాళ్ళు అరిగి ఏర్పడినదే. నిన్నటి నిప్పు నేటి అన్నం!

అక్కడి టెంగర్ తెగవారు హిందువులు. ఏటా ఒక పండుగనాడు తమ పంటలో కొంత తెచ్చి ఆ కొండ నోట్లో వేస్తారు. "కొండకు ఆకలేస్తుందా అబ్బూ?" అని మా చిన్నమ్మాయి అడిగింది. "లేదమ్మా, కొండ కూడా మనలాగే అల్లాహ్ దాసురాలే. ఆయన ఆజ్ఞ లేనిదే అది నోరు తెరవదు. మనం భయపడాల్సింది, అడగాల్సింది ఆయన్నే" అని చెప్పాము. ఎవరి ఆరాధనలనూ ఎగతాళి చేయకూడదని కూడా వెంటనే చెప్పాము. ఎందుకంటే అది కూడా ఖుర్ఆన్ నేర్పిన మర్యాదే (అల్ అన్ఆమ్: 108).

నీటి ధార దగ్గర

అక్కడి నుండి సుమారు గంట ప్రయాణం చేసి మడకరిపుర చేరాము. కొండల మధ్య సన్నని దారిలో, వాగు వెంట నడవాలి. చివరకు నలువైపులా నిలువెత్తు రాతి గోడల మధ్య ఒక బావిలాంటి చోటు. సుమారు 200 మీటర్ల ఎత్తు నుండి నీరు పడుతోంది. తల ఎత్తితే ఆకాశం చిన్న ముక్కలా కనిపించింది. పొద్దున మేము కంటపడ్డ బూడిదంతా ఆ తుంపరలకు కడుక్కుపోయింది.

సృష్టి ఒకటే, సృష్టికర్త ఒకడే. ఉదయం రాతి గుండెలో నిప్పు చూపాడు, మధ్యాహ్నం రాతి గుండెలో నీరు చూపాడు. అల్ వాఖిఆ సూరా తెరిచి చూడండి. మీరు విత్తే పంటను పండించేది ఎవరని అల్లాహ్ మనిషిని అడుగుతాడు. తరువాత, మీరు తాగే నీటిని మేఘాల నుండి దించేది ఎవరని అడుగుతాడు. ఆ తరువాత, మీరు రాజేసే నిప్పు గురించి అడుగుతాడు. ఆ నిప్పును ఒక జ్ఞాపికగా, బాటసారులకు ఉపయోగపడేదిగా చేశానంటాడు. చివరకు నీ ప్రభువు పవిత్రతను కొనియాడమని ఆదేశిస్తాడు (56: 63-74). పంట, నీరు, నిప్పు. ఈ మూడింటినీ ఒకే రోజున, బాటసారులుగా మేము చూశాము. 

రాళ్ళలో కొన్నింటి నుండి సెలయేళ్ళు పొంగుతాయని, కొన్ని పగిలి నీరు చిమ్ముతాయని, కొన్ని అల్లాహ్ భయంతో కూలి పడతాయని, కాని మనిషి హృదయం మొండికేస్తే అది రాతికంటే కఠినమైపోతుందని కూడా ఆయనే తెలిపాడు (అల్ బఖరా: 74). మన కంట ఒక్క చుక్క తౌబా కన్నీరు రాలి ఎన్నాళ్ళయింది?

ఆ వాగు నీటితోనే వుజూ చేసుకుని, ప్రయాణీకులం కనుక జుహర్ ఖస్ర్ చేశాము. నమాజు అయ్యాక మా అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని రెండు హదీసులు చెప్పాము. ఇంటి ముందే పారే ఏటిలో రోజుకు ఐదుసార్లు స్నానం చేసేవాడి ఒంటి మీద మురికి మిగలనట్లే, ఐదు పూటల నమాజు పాపాలను కడిగివేస్తుంది (బుఖారి, ముస్లిం). మనుషులు పాపాలతో కాలిపోతూ ఉంటారని, ఫజ్ర్ నమాజు చేస్తే అది ఆ మంటను కడిగివేస్తుందని, మళ్ళీ కాలిపోతే జుహర్ కడుగుతుందని, ఇలా రోజంతా సాగుతుందని హజ్రత్ ఇబ్నె మస్ఊద్ (రజి) ఉల్లేఖనంలో ఉంది (తబ్రానీ). "పొద్దున నిన్ను నిప్పు దగ్గర పట్టుకున్నాం కదా! రోజూ ఫజ్ర్‌కు లేపితే అది కూడా అదే పట్టు అనుకో" అన్నాము. వాడు ఏమీ మాట్లాడలేదు. నీళ్ళవైపు చూస్తూ తల ఊపాడు.

మనం చేయవలసినది

సోదర సోదరీమణులారా! ఈసారి పిల్లలతో విహారానికి వెళ్ళేటప్పుడు కొన్ని విషయాలు మరవకండి. బయలుదేరే ముందు నమాజు వేళలు చూసుకుని ప్రయాణం కుదుర్చుకోండి. ప్రయాణపు దుఆ పిల్లలచేత చదివించండి. జలపాతాల దగ్గర, వాగుల దగ్గర ఫోటోల మోజులో ప్రాణాలు పోగొట్టుకోకండి. హద్దు దాటవద్దన్న బోర్డును, కాపలాదారు మాటను గౌరవించండి. ఒంటెను కట్టేసి ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమన్నదే ప్రవక్త (సల్లం) బోధన (తిర్మిజీ). చూసిన ప్రతి అద్భుతం దగ్గరా ఆగి, దాని వెనుక ఉన్న శక్తిమంతుణ్ణి పిల్లలకు పరిచయం చేయండి. 

ఇంటికి తిరిగివచ్చాక అసలు పరీక్ష మొదలవుతుంది. మేము వచ్చిన మూడో రోజు ఫజ్ర్ అజాన్ విని మా అబ్బాయి దగ్గరకు వెళ్ళాము. వాడు దుప్పటి ఇంకా పైకి లాక్కున్నాడు. పాత అలవాటు ప్రకారం వెనుదిరగబోయి, ఆగి, వాడి నడుము మీద చెయ్యి వేశాము. వాడు కళ్ళు తెరవకుండానే, "కొండ మీద ఉన్నామా అబ్బూ?" అన్నాడు. "అవును నాన్నా, అంచు మీదే ఉన్నాం" అన్నాము. లేచి కూర్చున్నాడు. ప్రతి రోజూ ఇంత తేలికగా లేస్తున్నాడని చెప్పము. కొన్నాళ్ళు మూడుసార్లు లేపవలసి వస్తోంది. లేపుతున్నాము.

అల్లాహ్ మనల్ని, మన సంతానాన్ని నమాజును నెలకొల్పేవారిగా చేయుగాక! మన కళ్ళకు గుణపాఠం గ్రహించే చూపును, మన హృదయాలకు మెత్తదనాన్ని ప్రసాదించుగాక! అగ్నిపర్వతాల నీడలో బ్రతుకుతున్న మన సోదరులను, సమస్త మానవులను తన కారుణ్యంతో కాపాడుగాక! మనల్ని, మన ఇంటివారిని నరకాగ్ని నుండి రక్షించి, సెలయేళ్ళు పారే స్వర్గవనాల్లో ఒకచోట చేర్చుగాక! 

ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్.